ఉత్తమ శబ్దగ్రహణం

సిరిపురంలో ఆ హాలు ఏసీ
యాభై హెర్ట్జ్ దగ్గర సన్నగా మూలుగుతోంది.
ఎవరికీ పట్టలేదు. మా నలుగురికీ పట్టింది.
పద్దెనిమిదో వరస, స్తంభం వెనక కుర్చీలు.
కనపడకపోతే ఏటండీ, అన్నాడు పైడిరాజు,
మనమొచ్చింది ఇనడానికే కదా.

హీరోయిన్‌కి ఇచ్చారు. పాటకి ఇచ్చారు.
పాటలో గుర్రాన్ని నడిపించినాయనకీ ఇచ్చారు.
సగం జనం భోజనాల వైపు లేచాక
యాంకరమ్మ కార్డు తిప్పి చూసి
"ఉత్తమ శబ్ద... గ్రహణం" అంది
మధ్యలో ఒక మింగుడుతో.
నిజమే తల్లీ, పట్టేది మమ్మల్నే.
విడుపు స్నానానికి కూడా టైముండదు.

తుపాను ఎపిసోడ్‌కట.

ఆ తుపానుకి సముద్రం మాకేమీ ఇవ్వలేదు.
ఆర్కే బీచ్‌లో మైకు పెడితే
మురీ మిక్చర్ బండివాడి గరిటె, సెల్ఫీల నవ్వులు.
యారాడ కొండ దిగి వెళ్తే
గాలి మైకులో ఉమ్మేసింది.
మరీ దగ్గరకెళ్తే కెరటం కెరటంలా ఉండదు,
చింపుతున్న పాత దుప్పటిలా ఉంటుంది.

అందుకని పెదజాలరిపేటలో
వాసుపల్లి ఎర్రమ్మ వాకిట్లో కూర్చుని తయారుచేశాం.
ఆమె చేటలో ఎండురొయ్యలు చెరిగితే వాన.
తడి వల ఐసు పెట్టె మీద బాదితే కెరటం.
మరుగుదొడ్డి రేకు తలుపు గాలి.
పడవ విరగడం మటుకు
పైడిరాజు మోకాలి మీద పెట్టి విరిచిన కొబ్బరిమట్ట,
ఆ "అమ్మా" కూడా అతనిదే, తీసేయలేదు.

చెరగడం ఆపి ఎర్రమ్మ అంది:
"తుపాను ముందుగాల అరవదు బావూ.
ఊరుకుంటాది.
ఆ ఊరుకోడం పట్టండి, సేతనైతే."

ఫ్యాను ఆపాం. పక్కింటి టీవీ బతిమాలి ఆపించాం.
కుక్కకి ఒక కవళ్ల చేప.
నలభై సెకన్లు కావాలి.
ముప్పై ఎనిమిదో సెకనులో హార్బర్ నుంచి ఓడ కూత.
మళ్లీ.
ఎవరి కడుపో మూలిగింది. మళ్లీ.
ఏడోసారి
తలపైన బూమ్ ఎత్తిన పైడిరాజు చేతులు వణుకుతున్నాయి,
ఆ వణుకు కర్రలోకి దిగకుండా ఎలా ఆపాడో
ఇప్పటికీ నాకు తెలీదు.
షఫీ హెడ్‌ఫోన్స్ తీసి ఎర్రమ్మ చెవులకి పెట్టాడు.
ఆమె విని,
లేచి వెళ్లి తలుపు గెడ వేసుకొచ్చింది.

జూరీ మెచ్చుకుంది గర్జననే.
ఆ నలభై సెకన్ల మీద
డైరెక్టరుగారు వయొలిన్ వేయించారు.

కార్డు మీద మూడు పేర్లు: నాది, షఫీది, దమయంతిది.
బూమ్ నీడైనా ఫ్రేములో పడకూడదని మా నియమం,
పేరూ పడలేదు.
స్టేజి ఎక్కి నోరు తెరిచానో లేదో
మైకు కీచుమంది.
రెండున్నర వేల దగ్గర, అని ముగ్గురం
ఒకేసారి మొహం చిట్లించి
ఒకేసారి స్పీకరు ముందు నుంచి పక్కకి జరిగాం.
ఆపరేటరు కుర్రాడు కర్టెన్ వెనక నుంచి దండం పెట్టాడు.
ఆ బొమ్మ వాడి చేతిలో పెట్టి దిగిపోదామనిపించింది.
పైడిరాజు పేరు చెప్పాను. ఎర్రమ్మ పేరూ చెప్పాను.
అప్పటికి మైకు కట్టేశారు.

రాత్రి బీచ్ రోడ్డు మీద స్కూటరు,
వెనక సీట్లో పైడిరాజు, అతని ఒళ్లో బొమ్మ.
టక్. టక్. గోటితో.
"లోపల డొల్లండి," అన్నాడు కొంతసేపటికి.
ఇంకో కిలోమీటరు పోయాక,
"బాగా మోగతాంది."

మర్నాడు ఎంవీపీ కాలనీ స్టూడియోలో
దాన్ని తలకిందులుగా పురికొసకి వేలాడదీశాం.
టీ కాచే గరిటెతో కొట్టాం.
కొత్త సీరియల్ మూడో ఎపిసోడ్‌లో
పిల్లలు బడిలోంచి పరిగెత్తుకొస్తారే,
ఆ గంట అదే.
కొట్టింది పైడిరాజు.
రెండో దెబ్బ కొంచెం ఆలస్యంగా పడింది, భుజం పట్టేసి.
దమయంతి సరిచేద్దామా అంది.
అలాగే ఉంచేశాం.